తలుపు పేల్చేవాడి తలకు ఏమవుతుంది?

2025 జూన్ 30 ఉదయం పాశమైలారం పారిశ్రామికవాడలో సిగాచి ఇండస్ట్రీస్ పేలిపోయింది. మందు బిళ్లల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే తెల్లటి పొడిని తయారుచేసే కర్మాగారం అది. పేలుడు ధాటికి మూడంతస్తుల భవనం కుప్పకూలింది. ఆచూకీ దొరకని ఎనిమిది మందిని కూడా కలుపుకుంటే 54 మంది పోయారు. అంతకు ఏడాది ముందు, 2024 ఏప్రిల్‌లో, ఇదే సంగారెడ్డి జిల్లా హత్నూర మండలం చందాపూర్‌లోని ఎస్‌బీ ఆర్గానిక్స్‌లో జరిగిన పేలుడులోనూ ప్రాణాలు పోయాయి. ఇలాంటి ప్రతి ప్రమాదం తర్వాతా మృతుల లెక్క వస్తుంది, కాలిన గాయాల లెక్క వస్తుంది, పరిహారం లెక్క వస్తుంది. గోడ మీద పడి కాలు విరిగినవాడికి కట్టు కడతారు.

ఒంటి మీద గీత కూడా పడకుండా బయటికి నడిచొచ్చినవాడి సంగతేమిటి? అలాంటివాణ్ని అందరూ అదృష్టవంతుడంటారు. ఇంటికి పంపేస్తారు. వారం తర్వాత తల దిమ్ముగా ఉందనో, చెవుల్లో హోరు తగ్గలేదనో, పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండటం లేదనో అంటే జడుసుకున్నాడులే అనుకుంటారు. జడుసుకుని ఉండవచ్చు, కాదనలేం. కానీ మెదడులోనే ఏదైనా దెబ్బ తగిలి ఉండే అవకాశమూ ఉంది. దాన్ని స్కానింగ్ పట్టుకోలేకపోవచ్చు.

ఈ విషయాన్ని లోతుగా తవ్వింది కర్మాగారాల వైద్యులు కాదు. రోజూ కావాలని, పద్ధతి ప్రకారం, చేతికందే దూరంలో పేలుళ్లు జరుపుకునే ఒక చిన్న వృత్తివర్గం వల్ల ఇది బయటపడింది. మూసి ఉన్న తలుపునో గోడనో పేలుడుతో బద్దలుకొట్టి లోపలికి చొరబడే కమాండోలు వాళ్లు. ఆ పనిని బ్రీచింగ్ అంటారు, చేసేవాణ్ని బ్రీచర్ అంటారు.

గాయం లేని వృత్తి

మనకు ఈ పని కొత్త కాదు. 2008 నవంబర్ 28న ముంబయి నారిమన్ హౌస్‌లో దాక్కున్న ఉగ్రవాదుల దగ్గరికి చేరడానికి ఎన్‌ఎస్‌జీ కమాండోలు గోడను పేల్చడం దేశమంతా టీవీల్లో చూసింది. ఆ తర్వాతే ఎన్‌ఎస్‌జీకి హైదరాబాద్‌లో ఒక ప్రాంతీయ కేంద్రం వచ్చింది. అంతకు ముందే, 2007లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆక్టోపస్ దళాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే, అడ్డుగా ఉన్న ముళ్ల కంచెను దూరం నుంచే పేల్చి దారి చేసే బెంగళూరు టార్పెడో పుట్టింది 1912లో, మద్రాస్ శాపర్స్ చేతుల్లో. తెలుగు యువకులు తరతరాలుగా చేరుతున్న దళం అది. మన దక్షిణాది సైనికుల పనిముట్టు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ వాడకంలో ఉంది.

అసలు దాడిలో తలుపు పేల్చవలసిన సందర్భం ఒక కమాండో జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. శిక్షణ అలా కాదు. ఒకే కసరత్తును పదే పదే చేయిస్తారు. తలుపు పక్కన గోడకు ఆనుకుని ఒకరి వెనక ఒకరు బారుగా నిలబడతారు, పేలుడు జరుగుతుంది, పొగ ఉండగానే లోపలికి దూకుతారు. మళ్లీ మొదటినుంచి. శిక్షణ పొందేవాడు కొన్ని వారాల్లో బయటపడతాడు. నేర్పేవాడు మాత్రం ఒక బ్యాచ్ పోతే ఇంకో బ్యాచ్‌తో అదే తలుపు దగ్గర ఏళ్ల తరబడి నిలబడతాడు. ఇక్కడే చిక్కుంది. ఎవరికీ రక్తం రాదు, ఎవరూ స్పృహ తప్పరు. ప్రతి పేలుడూ నిబంధనల ప్రకారం భద్రమైనదే. అయినా కొన్నేళ్లు గడిచేసరికి ఆ శిక్షకుల్లో తలనొప్పి, నిద్రలేమి, మతిమరుపు, చిన్న విషయానికే భగ్గుమనే కోపం కనిపించసాగాయి. అమెరికా దళాల్లో దీన్ని వాళ్లలో వాళ్లు ‘బ్రీచర్స్ బ్రెయిన్’ అని పిలుచుకునేవారు. వైద్యులు పేరు పెట్టక ముందే పనివాళ్లు పేరు పెట్టుకున్న జబ్బులు చాలానే ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి.

ఒత్తిడి ఎంతన్నది ఒక్కటే కాదు

పేలుడు అంటే మంట, పొగ, చప్పుడు అనుకుంటాం. మనిషికి ముందుగా తగిలేది వీటిలో ఏదీ కాదు. పేలుడు పదార్థం క్షణంలో వెయ్యోవంతు కంటే తక్కువ కాలంలో వేడి వాయువుగా మారిపోతుంది. ఆ వాయువు చుట్టూ ఉన్న గాలిని నెడుతుంది. గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు, పొర మీద పొరగా కుక్కుకుపోతుంది. అలా గడ్డకట్టినట్లైన గాలి పొర ధ్వని కంటే వేగంగా బయటికి దూసుకొస్తుంది. అదే పేలుడు అల. దాని ముందు అంచు ఎంత పలచన అంటే, అది చేరే ముందు క్షణం వరకు మామూలు గాలే ఉంటుంది, మరుక్షణం ఒత్తిడి నిట్టనిలువునా లేస్తుంది. కొన్ని మిల్లీసెకన్లలో అది దిగిపోయి, మామూలు కంటే కిందికి జారి, మళ్లీ సర్దుకుంటుంది.

అసలు కీలకం ఆ నిట్టనిలువుతనంలో ఉంది. వేసవిలో పిల్లలు దూకే దిగుడు బావి పది మీటర్ల లోతు ఉందనుకుందాం. అడుగుకు మునిగినవాడి మీద గాలి ఒత్తిడికి తోడు మరో 14 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అదనంగా పడుతుంది. అయినా వాడు చేతిలో మట్టి పట్టుకుని నవ్వుతూ పైకి వస్తాడు. ఎందుకంటే ఆ ఒత్తిడి నెమ్మదిగా, అన్ని వైపుల నుంచి సమానంగా పెరిగింది. శరీరం లోపలి ద్రవాలూ దానితో సర్దుకున్నాయి. అందులో మూడో వంతు ఒత్తిడి ఒక వైపు నుంచి, రెప్పపాటులో వందో వంతు కాలంలో వస్తే చెవిపొర చిరగడం మొదలవుతుంది.

పాశమైలారం లాంటి చోట జరిగే పేలుళ్లకూ, తలుపు దగ్గర పెట్టే మందుగుండుకూ ఇక్కడే తేడా ఉంది. పిండి, చక్కెర, సెల్యులోజ్ లాంటి మండే పొడి గాల్లోకి లేచి అంటుకుంటే మంట ధ్వని కంటే తక్కువ వేగంతో పాకుతుంది. ఒత్తిడి కాస్త ఏటవాలుగా పెరుగుతుంది. మూసి ఉన్న పాత్రలోనైతే అది మామూలు గాలి ఒత్తిడికి ఏడెనిమిది రెట్లు దాటగలదు. ఏ గోడా దానికి ఆగదు. మొదటి పేలుడు కుదుపుకు దూలాల మీద, పైపుల మీద ఏళ్లుగా పేరుకున్న దుమ్ము లేచి రెండోసారి అంటుకుంటుంది, తరచూ ఈ రెండోదే పెద్దది. అక్కడ మనుషుల్ని ఎక్కువగా చంపేది మంట, కూలే కట్టడం, ఎగిరిపడటం. సైనికులు వాడే పేలుడు పదార్థంలో అలా కాదు. అందులో చర్య సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. పరిమాణం చిన్నదే, గోడ కూలదు, మంట దాదాపు కనిపించదు. కానీ అల అంచు కత్తిలా ఉంటుంది.

*పెట్టె కట్టిన మాట: 4 పిఎస్ఐ అంటే ఎంత?*

*బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లు ‘కేజీ’ లెక్కన చెప్పుకునే ఒత్తిడిలో 4 పిఎస్ఐ అంటే పావు కేజీకి కొంచెం ఎక్కువ. వినడానికి చాలా తక్కువ. కిటికీ అద్దాలు 1 పిఎస్ఐ లోపే పగులుతాయి. చెవిపొర చిరగడం 5 దగ్గర మొదలవుతుంది, 15 దగ్గరికి వస్తే సగం మందికి చిరుగుతుంది. ఊపిరితిత్తులు దెబ్బతినడానికి అంతకంటే ఎక్కువ కావాలి. ధ్వని కొలతలోకి మారిస్తే 4 పిఎస్ఐ శిఖరం దాదాపు 183 డెసిబెల్. మన దేశంలో దీపావళి టపాకాయకు నాలుగు మీటర్ల దూరంలో అనుమతించే శిఖర శబ్దం 145 డెసిబెల్. ఒత్తిడిలో ఈ రెండింటికీ తేడా సుమారు 80 రెట్లు.*

పుర్రె అడ్డుకోదా?

పుర్రె గట్టిదే కానీ పేలుడు అలకు అది గోడ కాదు, దారి. ఎముకలోనూ మెదడులోనూ అల గాల్లో కంటే ఎన్నో రెట్లు వేగంగా నడుస్తుంది. మెదడును అటునుంచి ఇటు దాటడానికి సెకనులో పదివేలో వంతు చాలు. తల ఊగక ముందే, మెడ కదలక ముందే, అల ఒక చెవి వైపు నుంచి రెండో చెవి వైపుకు వెళ్లిపోతుంది. అందుకే దీన్ని బైకు మీద నుంచి పడ్డప్పుడు తగిలే దెబ్బతో కలిపి చూడకూడదు. అక్కడ మెదడు పుర్రెకు కొట్టుకుంటుంది. ఇక్కడ మెదడు ఉన్నచోటే ఉంటుంది, దాని గుండా ఒక కుదుపు ప్రయాణిస్తుంది.

ఆ కుదుపు ఎక్కడ నష్టం చేస్తుందో తెలియాలంటే క్యారమ్ బోర్డు గుర్తు తెచ్చుకోండి. నాలుగైదు కాయిన్లను ఒకదానికొకటి ఆనించి వరసగా పేర్చి, ఒక చివర స్ట్రైకర్‌తో కొడితే మధ్యలో కాయిన్లు పెద్దగా కదలవు. అవతలి చివరి కాయిన్ ఎగిరిపోతుంది. దాని వెనక తట్టుకునే కాయిన్ లేదు కాబట్టి దెబ్బ మొత్తం దాని మీద తేలుతుంది. మెదడు ఒకే రకం ముద్ద కాదు. బూడిదరంగు పొర, దాని కింద తెల్లటి పొర, మధ్యలో నీటి గదులు, అడుగడుగునా రక్తనాళాలు. ఒక్కోదాని సాంద్రత ఒక్కో రకం. అల ఒక పదార్థంలోంచి ఇంకో పదార్థంలోకి దాటే సరిహద్దు దగ్గర దానిలో కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత ముందుకు పోతుంది, ఆ సరిహద్దు నలుగుతుంది.

శవపరీక్షల్లో కనిపించినదీ ఇదే. 2016లో డేనియల్ పెర్ల్ బృందం లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. పేలుళ్లకు గురై తర్వాత చనిపోయిన ఎనిమిది మంది అమెరికా సైనికుల మెదళ్లను సూక్ష్మదర్శిని కింద చూస్తే, వాటిలో ఒక ప్రత్యేకమైన మచ్చల వరస దొరికింది. మెదడు పైపొర కింద, రక్తనాళాల చుట్టూ, నీటి గదుల అంచున, బూడిద పొర తెల్ల పొర కలిసే గీత వెంబడి. అంటే సరిగ్గా సరిహద్దుల దగ్గర. ఫుట్‌బాల్, బాక్సింగ్ ఆటగాళ్ల మెదళ్లలో కనిపించే నష్టం తీరు ఇలా ఉండదు. ఈ మచ్చలు ఆస్ట్రోసైట్లు అనే కణాలు కట్టిన కట్లు. ఎక్కడ కణజాలం చితికితే అక్కడికి చేరి అల్లుకుపోవడం వాటి స్వభావం.

నిజానికి ఇంత ఆలస్యంగా తెలియవలసిన సంగతి కాదిది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండు దగ్గరగా పడి, గాయం లేకుండానే జ్ఞాపకం తప్పి, చూపు మందగించి వచ్చిన సైనికుల గురించి చార్లెస్ మయర్స్ 1915లో లాన్సెట్‌లో రాశాడు. ‘షెల్ షాక్’ అనే పేరు అలా వైద్యంలోకి వచ్చింది. కొద్ది కాలానికే ఫ్రెడరిక్ మాట్ అలా చనిపోయినవాళ్ల మెదళ్లలో సన్నటి రక్తస్రావాలు చూపించాడు. తర్వాత వాదన మనసు వైపు మళ్లింది. పిరికితనమనీ నరాల బలహీనత అనీ ముద్ర వేసి ఫైలు మూసేశారు. నా మట్టుకు నాకు, వైద్య చరిత్రలో ఇంత ఖరీదైన దారి తప్పడాలు అరుదనిపిస్తుంది. మనసుకూ మెదడుకూ ఏదో ఒకదానికే దెబ్బ తగలాలని ఎవరూ చెప్పలేదు గదా.

అల పుర్రెలోంచే వెళుతుందా, ఇంకో దారి కూడా ఉందా అన్న చర్చ ఇంకా తెగలేదు. ఛాతీ, పొట్ట మీద పడ్డ ఒత్తిడి రక్తాన్ని ఒక్కసారిగా మెడ నాళాల గుండా తలకు నెడుతుందని కొందరంటారు. పుర్రె ఎముక అల తాకిడికి లోపలికి వంగి మళ్లీ లేస్తుందని మరికొందరు. అన్నీ కొంత కొంత నిజమై ఉండవచ్చు. మెదడుకూ రక్తానికీ మధ్య కాపలా కాసే నాళాల పొర సడలుతుందన్న విషయంలో మాత్రం ఆధారాలు బలంగా ఉన్నాయి. ఇవన్నీ కణాల స్థాయిలో జరిగేవి. రక్తం గడ్డనూ ఎముక పగుళ్లనూ వెతికే సీటీ స్కాన్‌కు ఇవి కనిపించవు. రిపోర్టు ‘నార్మల్’ అనే వస్తుంది.

ఒక్కసారికి కాదు, కూడికకు

ఒక్క చిన్న పేలుడు ఆరోగ్యవంతుడి మెదడుకు శాశ్వత నష్టం చేస్తుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. సమస్య కూడికతో వస్తోంది. న్యూజిలాండ్ సైనికులు రెండు వారాల బ్రీచింగ్ శిక్షణలో ఉండగా రక్తం తీసి పరీక్షించిన ఒక చిన్న అధ్యయనం 2013లో వెలువడింది. మెదడు కణాలు దెబ్బతింటే రక్తంలోకి జారే ప్రొటీన్లు ఎవరిలో ఎక్కువగా పెరిగాయో, వాళ్లే ప్రతిస్పందన పరీక్షల్లో నెమ్మదించారు, వాళ్లకే తలనొప్పి లాంటి బాధలు ఎక్కువగా ఉన్నాయి. పెద్ద యుద్ధం కాదు, రెండు వారాల తరగతి.

2024 ఏప్రిల్‌లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం 30 మంది ప్రత్యేక దళాల సైనికులను పరీక్షించింది. జీవితకాలంలో ఎక్కువ పేలుళ్లకు గురైనవారి మెదడులో, భావోద్వేగాలనూ ఆలోచననూ సమన్వయం చేసే ముందు భాగంలో మార్పులు కనిపించాయి. వాళ్ల జీవన నాణ్యత కూడా తగ్గినట్టు వాళ్లే చెప్పుకున్నారు. ఏ ఒక్క పరీక్షా దీన్ని ఖాయంగా పట్టుకోలేదని కూడా ఆ పరిశోధకులే రాశారు.

అదే ఏడాది ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. 4 పిఎస్ఐ దాటే ఆయుధాల, పేలుళ్ల దగ్గర ఎవరెంతసేపు ఎంత దూరంలో ఉండాలో కట్టడి చేయాలన్నది, కొత్తగా చేరేవాళ్లకు మొదట్లోనే ఆలోచనాశక్తి పరీక్ష చేసి పెట్టుకోవాలన్నది దాని సారాంశం. ఆ 4 అనే అంకె మెదడు పరిశోధనలోంచి పుట్టింది కాదు. చెవిపొరను కాపాడటానికి పాతకాలం నుంచి వాడుకలో ఉన్న హద్దు అది. చెవి చిరగనంత మాత్రాన మెదడు భద్రమని ఎలా అనుకోగలం? అంచేత దాన్ని గీతగా కాక, ఇక్కడి నుంచి జాగ్రత్త మొదలవ్వాలి అన్న గుర్తుగా తీసుకోవడమే సబబు.

నిలబడే చోటు మారిస్తే

ముప్పు తగ్గించడం అనగానే మొదట తట్టేది మందుగుండు తగ్గించడం. మంచిదే, కానీ అది ఊహించినంత పనిచేయదు. పేలుడు అల ఒత్తిడి మందుగుండు బరువు మీద నేరుగా కాక దాని ఘనమూలం మీద ఆధారపడుతుంది. సగానికి సగం తగ్గించినా, అదే ఒత్తిడి తగిలే దూరం ఐదో వంతు మాత్రమే దగ్గరవుతుంది. నాలుగు మీటర్ల దగ్గర ఉండేది మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది, అంతే. ఎనిమిదో వంతుకు తగ్గిస్తే గానీ ఆ దూరం సగం కాదు. అదే మనిషి వెనక్కి జరిగితే? ఆరుబయట, మనం మాట్లాడుకుంటున్న స్థాయిలో, దూరం రెట్టింపు చేస్తే ఒత్తిడి దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. రెండడుగులు వెనక్కి వేయడానికి బడ్జెట్ అక్కర్లేదు. నేర్పేవాడు పట్టుబడితే చాలు.

దూరం కంటే మోసకారి గోడ. పేలుడు అల గట్టి గోడకు ఎదురుగా తగిలితే వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే క్షణంలో గోడ దగ్గర వచ్చే అలా పోయే అలా ఒకదాని మీద ఒకటి పడతాయి. 4 పిఎస్ఐ అల గోడను నేరుగా తాకితే అక్కడ దాదాపు 9 అవుతుంది. అల బలంగా ఉన్న కొద్దీ ఈ రెట్టింపు ఇంకా పెరుగుతుంది. రెండు గోడలు కలిసే మూలలో అయితే రెండు వైపుల నుంచీ తిరిగినవి పోగవుతాయి. గోడ అండగా ఉంటుందని మూలన నక్కడం మనిషి సహజ స్వభావం. తూటాకైతే అది సరైన చోటే. పేలుడు అలకు మాత్రం ఆ గదిలో అంతకంటే చెడ్డ చోటు ఉండదు.

మూసిన గది ఇంకో ఇబ్బంది తెస్తుంది. ఆరుబయట అల ఒకసారి తగిలి పోతుంది. గదిలో, ఇరుకు వసారాలో, మెట్ల దారిలో అదే అల కప్పుకు, నేలకు, గోడలకు తగిలి తిరిగి తిరిగి వస్తుంది. ఒక్క పేలుడుకు మనిషి అనేక దెబ్బలు తింటాడు. అందుకే ఒకే మందుగుండుకు బయట పనికొచ్చే దూరం లోపల పనికిరాదు. శిక్షణ కోసం కట్టే గదులకు కప్పు తీసేయడం, కసరత్తులో మొదటి చాలాసార్లు పేలుడు లేకుండా అడుగులూ వరసా నేర్పడం, అసలు పేలుడు వినాల్సిన కొన్ని సార్లే వినిపించడం లాంటి చిన్న చిన్న మార్పులతో మోతాదు బాగా తగ్గుతుంది. చూడటానికి వచ్చిన అధికారులు, వీడియో తీసేవాళ్లు, తర్వాతి వంతు కోసం ఎదురుచూసేవాళ్లు ఆ దగ్గర్లో నిలబడే అలవాటు ఒకటి ఉంటుంది. పని లేనివాణ్ని పంపేస్తే వాడి మోతాదు సున్నా.

హెల్మెట్? తూటా తునకకు అది ప్రాణదాతే. కానీ ముఖం తెరిచి ఉన్న హెల్మెట్ అలను పెద్దగా ఆపదు. హెల్మెట్‌కూ నెత్తికీ మధ్య సందులోంచి అల లోపలికి దూరగలదు. 2010లో ఎంఐటీ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టి, మెదడులోకి చేరే ఒత్తిడిని గట్టిగా తగ్గించేది ముఖానికి అడ్డంగా ఉండే కవచమేనని తేల్చారు. అల ఎక్కువగా లోపలికి పోయేది మెత్తటి ముఖం నుంచే. చేతిలో పట్టుకునే డాలు కొంత కాస్తుంది, పక్కల నుంచి వంగి వచ్చే అలను కాయలేదు.

ఎద్దుమైలారం వి ఆకారం

అలను ఎదుర్కోవడం కంటే దారి మళ్లించడం మేలన్న సూత్రానికి సంగారెడ్డిలోనే ఒక ఇనుప ఉదాహరణ ఉంది. ఎద్దుమైలారంలో ఇక్కడివాళ్లు ఓడీఎఫ్ అని పిలిచే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 1984 నాటిది. 2021 నుంచి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద నడుస్తోంది. హైదరాబాద్ ఐఐటీ మొదటి తరగతులు జరిగింది కూడా ఈ ప్రాంగణంలోనే. సైన్యం వాడే బీఎంపీ పోరాట వాహనాలతో పాటు, మందుపాతరలను తట్టుకునే వాహనాలూ ఇక్కడ తయారయ్యాయి. వాటి అడుగు భాగం పడవలాగా వి ఆకారంలో ఉంటుంది. బల్లపరుపు అడుగైతే కింద నుంచి వచ్చిన పేలుడు నేరుగా తగిలి పూర్తి బలంతో వెనక్కి తిరుగుతుంది, ఆ బలమంతా వాహనాన్ని పైకి ఎత్తేస్తుంది. ఏటవాలు రేకు మీద అదే పేలుడు పక్కలకు జారిపోతుంది. లోపలి మనిషికి గాలి అల దాదాపు చేరదు. అతనికి తగిలేది వాహనం ఎగిరిపడే కుదుపు, అందుకే సీట్లను నేలకు బిగించకుండా వేలాడదీసే పద్ధతి వచ్చింది. తలుపు దగ్గర నిలబడే కమాండోకు వాహనం ఉండదు, వి ఆకారం ఉండదు. గోడకు ఎదురుగా కాక పక్కగా, మూలలో కాక బహిరంగంగా నిలబడటమే అతను చేయగలిగిన మళ్లింపు.

బ్యాడ్జి లేని మోతాదు

పటాన్‌చెరు, రామచంద్రపురం వైపు భారీ యంత్రాలు, పీడన పాత్రలు తయారుచేసే చోట వెల్డింగ్ అతుకుల్ని గామా కిరణాలతో పరీక్షిస్తారు. ఆ పని చేసేవాడి చొక్కాకు టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. దాన్ని క్రమం తప్పకుండా పంపి, ఎంత రేడియేషన్ తగిలిందో చదివించి, అతని పేరు మీద రాస్తారు. అణుశక్తి నియంత్రణ మండలి ప్రకారం ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అతను కంపెనీ మారినా లెక్క అతనితోనే వెళుతుంది. శబ్దానికి కూడా ఇలాంటి పద్దు ఉంది, ఎనిమిది గంటలకు 90 డెసిబెల్. రేడియేషన్ కనపడదు, నొప్పి పుట్టదు, దెబ్బ కూడికతో వస్తుంది. పేలుడు అల మోతాదు కూడా అచ్చం అలాంటిదే, కానీ దానికి ఇంకా ఇలాంటి ఖాతా లేదు.

కొలిచే సాధనాలు వచ్చాయి. అగ్గిపెట్టెకు అటూ ఇటూగా ఉండే ఒత్తిడి కొలమానాలను ఛాతీకి, భుజానికి, హెల్మెట్ వెనక తగిలిస్తారు. మూడెందుకంటే, అలకు ఎదురుగా ఉన్నది పెరిగిన ఒత్తిడిని చూపుతుంది, పక్కగా ఉన్నది అసలు ఒత్తిడిని చూపుతుంది, రెండింటినీ కలిపి చదివితేనే అల ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఈ కొలతలు మొదలయ్యాక బయటపడ్డ మొదటి సంగతి ఏమిటంటే, కాగితం మీది సూత్రం చెప్పే ఒత్తిడికీ, నిజంగా తగిలేదానికీ గది ఆకారాన్ని బట్టి చాలా తేడా ఉంటుందని. అంచేత దూరాల పట్టిక ఒక్కటి సరిపోదు, మనిషి ఒంటి మీద కొలవాలి. రక్తపరీక్ష కూడా దారిలో ఉంది. తలకు దెబ్బ తగిలినవాడికి సీటీ స్కాన్ అవసరమా కాదా తేల్చడానికి రెండు మెదడు ప్రొటీన్లను కొలిచే పరీక్షకు అమెరికాలో 2018లోనే అనుమతి వచ్చింది. అది పేలుడు కోసం చేసింది కాదు, కానీ అదే ప్రొటీన్లు.

పారిశ్రామిక వాడకు ఇది ఎంతవరకు వర్తిస్తుంది? పొడి పేలుడులో మనిషి మామూలుగా ఒక్కసారే చిక్కుకుంటాడు, శిక్షకుడిలా వందలసార్లు కాదు. కానీ అతనికి పేలుడు అలతో పాటు ఎగిరిపడటం, తలకు ఏదో తగలడం, పొగ పీల్చడం కలిసి వస్తాయి. అంచేత మోతాదు లెక్క వేరు, తర్వాత చూడవలసిన తీరు మాత్రం ఒకటే. 2025 నవంబర్ వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో వైద్యుడు విధిగా తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల పట్టిక ఉండేది. అందులో సీసం విషం ఉండేది, సిలికోసిస్ ఉండేది, శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం కూడా ఉండేది. పేలుడు వల్ల మెదడుకు కలిగే దెబ్బ ఉండేది కాదు. పట్టికలో లేనిదాన్ని ఆస్పత్రి చీటీ మీద అడగరు.

అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేం కావు. పేలినప్పుడు ఎంత దూరంలో ఉన్నావు, ముఖం ఎటు ఉంది, వెనక గోడ ఉందా, లోపల ఉన్నావా బయటా, ఒక పేలుడా రెండా, క్షణమైనా స్పృహ తప్పిందా, చెవిలో హోరు ఎన్ని రోజులుంది. పటాన్‌చెరు ప్రభుత్వాసుపత్రిలోనో రామచంద్రపురం ఈఎస్ఐలోనో క్షతగాత్రుల వార్డు బయట, కట్టు అక్కర్లేదని పంపించబోతున్నవాడి చేతిలో పెట్టే చీటీ వెనక ఇవి ఏడు గళ్లుగా పడతాయి. తర్వాత రెండు వారాలకు, మూడు నెలలకు పిలిచి నిద్ర, జ్ఞాపకం, కోపం గురించి అతన్ని కాదు, ఇంట్లో వాళ్లను అడగాలి. తన మతిమరుపు గురించి తాను చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే, భార్యకో తల్లికో తెలిసినంతగా అతనికి తెలియదు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి, ఇంటివాళ్లు ఇక్కడ లేని కార్మికుడైతే, ఆ ప్రశ్న అదే గదిలో ఉండే తోటి కార్మికుణ్ని అడగాలి, అతని ఫోన్ నంబరు మొదటి రోజే చీటీ మీద రాసుకోవాలి.